చేయి తాకని చిత్రం

ప్రక్రియ: వైజ్ఞానిక వ్యాసం

పాఠ్యభాగ ఉద్దేశం

శాస్త్రవిజ్ఞానం ప్రయోగశాల గోడల నడుమ మాత్రమే ఉండేది కాదు. మన పొలంలోను, తోటలోను ఎదురయ్యే ప్రశ్నలకు మన చేతులతోనే సమాధానం వెదకే మార్గాన్ని అది చూపుతుంది. మనిషి దగ్గర లేకుండానే డిజిటల్ కెమెరాను పనిచేయించే చిన్న పరికరం వెనుక ఉన్న సూత్రాన్ని, దాని చరిత్రను, ప్రకృతి పరిశీలనలో దాని విలువను తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

నూజివీడు మామిడి అనగానే తెలుగువారి నోరూరుతుంది. నూజివీడు, మైలవరం, జి. కొండూరు ప్రాంతాలలో బంగినపల్లి, చిన్నరసాలు, కలెక్టర్ కాయలు పండే తోటలు విస్తారంగా ఉన్నాయి. 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనలో నూజివీడు ఏలూరు జిల్లాలోను, జి. కొండూరు ఎన్.టి.ఆర్. జిల్లాలోను చేరాయి. జిల్లాలు వేరైనా మామిడి మాత్రం ఈ నేలను ఒకటిగానే ఉంచింది. పుష్య మాఘాలలో పూత, ఆపైన పిందె, ఎండలు ముదిరే నాటికి కాయ - ఇదీ ఇక్కడి రైతు సంవత్సరం.

పగటిపూట తోటలో మనిషి సంచారం ఉంటుంది. చీకటి పడిన తరువాత తోట మరొకరి చేతికి పోతుంది. తెల్లవారేసరికి చెట్ల కింద సగం కొరికిన కాయలు పడి ఉంటాయి. కొరికినది గబ్బిలమా? ఉడుతా? ఎలుకా? కోతా? ఎవరికి తోచినది వారు చెబుతారు. ఎక్కువ మంది గబ్బిలం మీదనే నేరం మోపుతారు. నిజం తెలుసుకుందామని టార్చిలైటు పట్టుకొని వెళితే, అడుగుల చప్పుడుకే వచ్చిన జీవి వెళ్లిపోతుంది. పరిశీలించే మనిషి రాకతోనే పరిశీలించవలసిన విషయం మాయమవుతుంది. ప్రకృతిని చూడదలచిన వారందరికీ ఎదురయ్యే చిక్కు ఇదే.

ఈ చిక్కుకు మానవుడు కనిపెట్టిన ఉపాయం ఒక్కటే. కన్నును అక్కడ ఉంచి, తాను తొలగిపోవడం. ఆ కన్ను కెమెరా. అయితే కెమెరా దానంతట అది చిత్రం తీయదు. ఎవరో ఒకరు దాని మీట నొక్కాలి. నొక్కే వేలు దగ్గర లేనప్పుడు ఆ పనిని ఎవరు చేయాలి?

షటర్ - మీట

కెమెరాలో కాంతిని లోనికి వదలి, మరుక్షణం మూసివేసే తలుపును షటర్ అంటారు. మామూలు పగటి వెలుతురులో అది సెకనులో అరవయ్యవ వంతు, ఐదువందలవ వంతు వంటి అత్యల్ప కాలం మాత్రమే తెరుచుకొని ఉంటుంది. పూర్వకాలపు కెమెరాలలో రబ్బరు బుడ్డిని చేతితో నొక్కితే, గొట్టం గుండా గాలి వెళ్లి షటర్‌ను తెరిచేది. బుడ్డిని నొక్కి ఉంచినంతసేపు షటర్ తెరుచుకొని ఉండేది. ఇంగ్లీషులో ఆ బుడ్డిని బల్బ్ అంటారు. నేటి డిజిటల్ కెమెరాలలో కూడ ‘బల్బ్’ అనే అమరిక ఉన్నది. అది విద్యుద్దీపానికి సంబంధించినది కాదు, ఆనాటి రబ్బరు బుడ్డికి గుర్తు. కెమెరాను తాకకుండా చిత్రం తీయాలన్న కోరిక ఎంత పాతదో ఈ మాట ఒక్కటే చెబుతుంది.

1878లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ పరుగు బాట పక్కన కెమెరాలను వరుసగా నిలిపి, వాటి షటర్లకు కట్టిన తీగలను బాటకు అడ్డంగా సాగదీశాడు. గుర్రం పరుగెత్తుతూ ఒక్కొక్క తీగను తాకగా ఒక్కొక్క కెమెరా చిత్రం తీసింది. పరుగెత్తే గుర్రం నాలుగు గిట్టలూ ఒకే క్షణంలో నేలను విడుస్తాయని ఆ చిత్రాలు రుజువు చేశాయి. మనిషి కంటికి అందని సత్యం అది. అక్కడ మీట నొక్కినది ఛాయాగ్రాహకుడు కాదు, గుర్రమే.

మన దేశంలో ఈ మార్గాన్ని అడవిలోకి తీసుకొనిపోయినవాడు ఎఫ్. డబ్ల్యు. చాంపియన్ అనే అటవీ అధికారి. 1920లలో ఆయన నేటి ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్ అడవులలో జంతువులు నడిచే దారులకు అడ్డంగా సన్నని తీగ కట్టి, దానిని కెమెరాకు కలిపాడు. పులి కాలు తీగకు తగలగానే వెలుగు మెరిసి చిత్రం పడేది. ఆ చిత్రాలతో ఆయన రచించిన గ్రంథం 1927లో వెలువడింది. పులిని తుపాకితో కూల్చి, దాని పక్కన నిలబడి ఫొటో దిగడమే గొప్పగా చెల్లిన రోజులవి. దారికి అడ్డంగా తీగ కట్టడం వేటగాని విద్య. చాంపియన్ అదే తీగతో పులిని ప్రాణాలతో పట్టి చూపాడు.

డిజిటల్ కెమెరాలోని రహస్యం

డిజిటల్ కెమెరా మీటను జాగ్రత్తగా నొక్కి చూస్తే అందులో రెండు మెట్లు ఉన్నట్లు తెలుస్తుంది. సగం నొక్కితే కెమెరా దూరాన్ని సరిచూసుకుంటుంది. దీనిని ఫోకస్ అంటారు. పూర్తిగా నొక్కితే షటర్ పనిచేస్తుంది. దూరం నుండి నొక్కే తీగ కోసం చాలా కెమెరాల పక్కన చిన్న రంధ్రం ఉంటుంది. అందులోకి మూడు కొనలు చేరుతాయి. ఒకటి ఉమ్మడి తీగ, రెండవది ఫోకస్ తీగ, మూడవది షటర్ తీగ. ఉమ్మడి తీగను ఫోకస్ తీగతో కలిపితే సగం నొక్కినట్లు, షటర్ తీగతో కలిపితే పూర్తిగా నొక్కినట్లు కెమెరా భావిస్తుంది. కెనాన్ సంస్థ తక్కువ ధర ఎస్.ఎల్.ఆర్. కెమెరాలలో చాలావాటికి 2.5 మిల్లీమీటర్ల స్టీరియో ప్లగ్గు సరిపోతుంది. దాని మొన షటర్‌కు, నడిమి వలయం ఫోకస్‌కు, మొదలు భాగం ఉమ్మడి తీగకు చెందుతాయి.

ఇక్కడ ఒక ముఖ్య విషయాన్ని గ్రహించాలి. మనం చేయవలసినది రెండు తీగలను క్షణకాలం కలపడమే. కెమెరాలోకి బయటి విద్యుత్తును పంపడం కాదు. బయటి బ్యాటరీ వోల్టేజి కెమెరాలోకి చొరబడితే దానిలోని సున్నితమైన భాగాలు చెడిపోతాయి. కనుక మన పరికరానికి, కెమెరాకు మధ్య విద్యుత్ సంబంధం లేకుండా ఆజ్ఞ మాత్రమే చేరాలి. ఈ పనికి ఆప్టోకప్లర్ అనే చిన్న భాగం ఉపయోగపడుతుంది.

ఆప్టోకప్లర్ లోపల ఒక వైపు కాంతినిచ్చే డయోడు, మరొక వైపు కాంతి పడితే విద్యుత్తును ప్రవహింపనిచ్చే ట్రాన్సిస్టరు ఉంటాయి. రెండింటినీ వెలుతురు చొరని నల్లని పెట్టెలో బిగించి ఉంచుతారు. డయోడు వెలిగితే అవతలి ట్రాన్సిస్టరు మీట వలె కలుస్తుంది. రెండింటి నడుమ దాటేది కాంతి ఒక్కటే. గోడకు ఇవతల దీపం చూపితే అవతలి మనిషి తలుపు తెరిచినట్లు, ఇద్దరి చేతులూ తగలకుండానే పని జరుగుతుంది.

పరికరం పనిచేసే తీరు

పరికరంలో మూడు భాగాలు ఉంటాయి. మొదటిది గమనించే భాగం. రెండవది ఆజ్ఞ ఇచ్చే భాగం. మూడవది మీట నొక్కే భాగం.

గమనించే భాగానికి ఎల్.డి.ఆర్. అనే కాంతి నిరోధకాన్ని వాడవచ్చు. వెలుతురులో దీని నిరోధం తక్కువగా, చీకటిలో ఎక్కువగా ఉంటుంది. ఒక సన్నని కాంతి పుంజాన్ని దీని మీద పడేటట్లు అమర్చి, ఆ పుంజం జంతువు నడిచే దారిని అడ్డంగా దాటేటట్లు చూడాలి. జంతువు పుంజాన్ని అడ్డగించగానే ఎల్.డి.ఆర్. మీద నీడ పడి, దాని నిరోధం పెరుగుతుంది.

ఆజ్ఞ ఇచ్చే భాగానికి 555 టైమర్ చాలు. 1970వ దశకం మొదట్లో మార్కెట్లోకి వచ్చిన ఈ చిప్పు నేటికీ విద్యార్థుల చేతులలో ఉన్నది. 9 వోల్టుల బ్యాటరీ ధనధ్రువం నుండి ఎల్.డి.ఆర్.ను, రుణధ్రువం నుండి 10 వేల ఓంల రెసిస్టరును తెచ్చి, రెండూ కలిసే చోటును టైమర్ రెండవ కాలికి జతచేయాలి. వెలుతురు ఉన్నంతవరకు ఆ కాలి వద్ద వోల్టేజి ఎక్కువగా ఉంటుంది. నీడ పడగానే అది బ్యాటరీ వోల్టేజిలో మూడవ వంతుకు, అనగా 3 వోల్టులకు దిగువకు పడిపోతుంది. వెంటనే టైమర్ మేలుకొని, మూడవ కాలి ద్వారా కొంతసేపు విద్యుత్తును పంపుతుంది. ఆ కాలాన్ని నిర్ణయించేవి ఒక రెసిస్టరు, ఒక కెపాసిటరు. రెండింటి విలువల లబ్ధాన్ని 1.1 తో హెచ్చిస్తే కాలం సెకనులలో వస్తుంది. లక్ష ఓంల రెసిస్టరు, 10 మైక్రోఫారడ్ల కెపాసిటరు వాడితే సుమారు 1.1 సెకను అవుతుంది. మీట ఒకసారి నొక్కడానికి ఈ కాలం చాలు.

టైమర్ మూడవ కాలి నుండి 560 ఓంల రెసిస్టరు ద్వారా 4ఎన్35 వంటి ఆప్టోకప్లర్‌లోని డయోడుకు సుమారు 11 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తు చేరుతుంది. అది వెలిగిన క్షణాన అవతలి ట్రాన్సిస్టరు కెమెరా తీగలను కలుపుతుంది. చిత్రం పడుతుంది. కెమెరాకు తగిలించక ముందు మల్టీమీటరుతో పరీక్షించి, కెమెరా వైపు తీగలలో బ్యాటరీ వోల్టేజి లేదని నిర్ధారించుకోవడం తప్పనిసరి.

తయారు చేయడం ఒక ఎత్తు, తోటలో పనిచేయించడం మరొక ఎత్తు. కెమెరా ఫోకస్ సరిచూసుకునే లోపల ఉడుత కొమ్మ మారుతుంది. అందువల్ల ముందుగానే దూరాన్ని చేతితో సరిచేసి, ఫోకస్‌ను స్థిరపరచాలి. పగటి ఎండ ఎల్.డి.ఆర్. మీద పడితే నీడ తెలియదు. కనుక దాని చుట్టూ నల్ల కాగితపు గొట్టం అమర్చి, కాంతి పుంజం వైపు మాత్రమే తెరిచి ఉంచాలి. రాత్రి కనిపించే వెలుగు జంతువులను బెదరగొడుతుంది. అప్పుడు పరారుణ కిరణాలనిచ్చే డయోడును, వాటిని గుర్తించే ఫొటో ట్రాన్సిస్టరును వాడాలి. ఎల్.డి.ఆర్. పరారుణ కిరణాలను సరిగా గుర్తించదు, పైగా నెమ్మదిగా స్పందిస్తుంది. వేగంగా ఎగిరే గబ్బిలాన్ని పట్టడానికి కూడ ఫొటో ట్రాన్సిస్టరే మేలు. రాత్రి వచ్చేది ఎవరో చిత్రంలో కనబడడానికి కెమెరా ఫ్లాష్ కూడ వెలగాలి. ఆ మెరుపు జీవిని తరచుగా కలతపెట్టకుండా రాత్రికి కొద్ది చిత్రాలతో సరిపెట్టుకోవడం మర్యాద.

జంతువు కోసమే కాక కాలం కోసం కూడ మీట నొక్కించవచ్చు. మామిడి పూత విచ్చుకునే తీరును పది నిమిషాలకు ఒక చిత్రం చొప్పున తీస్తే రోజుకు 144 చిత్రాలు, ముప్పై రోజులకు 4,320 చిత్రాలు వస్తాయి. వాటిని సెకనుకు 25 చొప్పున నడిపిస్తే నెల రోజుల పూత మూడు నిమిషాలలోపే కళ్లముందు విప్పారుతుంది. ఏ వేళకు ఈగలు, తేనెటీగలు పూల మీద వాలుతున్నవో, ఏ రోజు నుండి పూత మాడుతున్నదో తేదీలతో సహా తెలుస్తుంది. రైతు జ్ఞాపకానికి ఇది సాక్ష్యపు బలాన్ని ఇస్తుంది.

కలివికోడి చెప్పిన పాఠం

తోటలో దీనితో తేలేది కాయ కొరికిన జీవి ఏదన్న సంగతి. ఇదే విద్య మన రాష్ట్రంలో ఒక పక్షి ఉన్నదా లేదా అన్న పెద్ద ప్రశ్నకు సమాధానం వెదకడానికి కూడ తోడ్పడింది.

కడప జిల్లా ముళ్లపొదలలో తిరిగే జెర్డాన్స్ కోర్సర్ అనే పక్షిని స్థానికులు కలివికోడి అంటారు. ఇది 1848లో శాస్త్రలోకానికి పరిచయమైనది. 1900లో అనంతపురం ప్రాంతంలో కనిపించిన తరువాత దీని జాడ లేకపోయింది. అంతరించిపోయినదని అందరూ అనుకున్నారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్, స్థానికుల సహాయంతో కడప జిల్లాలో దీనిని తిరిగి కనుగొన్నాడు. ఆ పొదలతోను, వాటిలో రాత్రిపూట మసలే జీవులతోను పరిచయమున్న పల్లెప్రజల జ్ఞానం లేకుంటే ఆ ఆవిష్కారం జరిగేది కాదు. ఆ పక్షి కోసమే శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

పక్షి దొరికినా చిక్కు తీరలేదు. అది రాత్రిపూట తిరిగేది, బిడియం గలది. మనిషి అలికిడికి పొదలలోకి తప్పుకుంటుంది. ఏయే చోట్ల ఉన్నదో తెలియకుండా దానిని కాపాడడం ఎట్లా? పి. జెగన్నాథన్, ఆయన సహపరిశోధకులు రెండు ఉపాయాలు పన్నారు. పొదల నడుమ మెత్తని మట్టిని పట్టీలుగా పరచి, వాటి మీద పడిన అడుగుజాడలను ఉదయం పరిశీలించారు. వాటితోపాటు తమంతట తామే చిత్రం తీసే కెమెరాలను అమర్చారు. ఆ పరిశోధన 2002లో ప్రచురితమైంది. మనిషి లేని రాత్రివేళ మట్టి, కెమెరా కలిసి సాక్ష్యం చెప్పాయి.

ఆ సాక్ష్యం ఎందుకు అవసరమో కొద్దికాలానికే తెలిసింది. తెలుగుగంగ ప్రాజెక్టు కాలువ ఈ పక్షి నివాసాల మీదుగా సాగవలసి వచ్చినప్పుడు, పక్షి ఎక్కడెక్కడ ఉంటుందో చూపగల ఆధారాలు ముందుకు వచ్చాయి. చివరకు కాలువ మార్గాన్ని మార్చారు. పొలానికి నీరూ కావాలి, పక్షికి చోటూ కావాలి. రెండింటి నడుమ తగవు తీర్చాలంటే ఊహలు చాలవు, ఆధారం కావాలి. అటుపైన చాలా సంవత్సరాలు కలివికోడి జాడ నిర్ధారణ కాలేదు. 2025లో పక్షి పరిశీలకులు ఆంధ్రప్రదేశ్‌లో దాని కూతను రికార్డు చేయడంతో ఆశ మళ్లీ చిగురించింది.

పులుల లెక్కింపులోను ఈ మార్గమే నేడు ప్రమాణం. పులి ఒంటి చారలు మన వేలిముద్రల వంటివి. ఏ రెండు పులులకూ ఒక్కటిగా ఉండవు. ఒకే పులి కుడి, ఎడమ పక్కల చారలు కూడ వేరువేరు. కనుక నల్లమల వంటి అడవులలో దారికి రెండు వైపులా జంటగా కెమెరాలను ఉంచుతారు. 2018-19లో దేశమంతటా 26,838 చోట్ల కెమెరాలను అమర్చగా 3 కోట్ల 48 లక్షలకు పైగా వన్యజీవుల చిత్రాలు వచ్చాయి. వాటిలో పులులవి 76,651. ఇంత పెద్ద లెక్కింపు గిన్నిస్ గ్రంథంలో నమోదయింది.

పాటించవలసిన నియమాలు

విద్య తెలిసినంత మాత్రాన చాలదు, వివేకం కూడ ఉండాలి. ఈ పరికరానికి చిన్న బ్యాటరీ మాత్రమే వాడాలి, ఇంటి విద్యుత్తును ఎన్నడూ కలపరాదు. అభయారణ్యాలలోను, రక్షిత అడవులలోను అటవీశాఖ అనుమతి లేనిదే కెమెరాను ఉంచరాదు. మనుషులు నడిచే దారిలో వారికి తెలియకుండా చిత్రం తీయడం తప్పు. గూళ్ల దగ్గర, పిల్లలను సాకే జీవుల దగ్గర దీనిని అమర్చరాదు.

పంటను కాపాడుకోవాలన్న ఆతురతతో కొందరు పొలం చుట్టూ తీగ కట్టి, అందులోకి విద్యుత్తు వదలుతుంటారు. ఆ తీగకు అడవిపందులే కాదు, పశువులు, తోటి మనుషులు కూడ బలి అవుతున్నారు. అది నేరం. అక్కడా తీగే, ఇక్కడా తీగే. ఒకటి వచ్చినదెవరో తెలుసుకోకుండానే చంపుతుంది. రెండవది వచ్చినదెవరో చెబుతుంది. తెలిసిన తరువాత వల కట్టాలో, కంచె వేయాలో, కాయకు సంచి తొడగాలో, చూచి ఊరుకోవాలో నిర్ణయించుకోవచ్చు. నేరం మోపబడిన గబ్బిలం నిర్దోషి అని కూడ తేలవచ్చు. ఇప్పచెట్టు పూలకు పరాగసంపర్కం చేసే మేలు దానిదే కదా!

ఒక టైమరు, ఒక ఆప్టోకప్లరు, నాలుగైదు రెసిస్టర్లు, ఒక బ్యాటరీ - ఖరీదైన సామగ్రి ఏదీ ఇందులో లేదు. కళాశాలలో ఒక కెమెరాను పదిమంది విద్యార్థులు పంచుకున్నా, ఒక వేసవిలో ఒక తోట రాత్రి జీవితాన్ని నమోదు చేయవచ్చు. తేదీ, సమయం, స్థలం, వచ్చిన జీవి పేరు - ఈ నాలుగూ ఒక పుస్తకంలో క్రమంగా రాసుకుంటే అదే పరిశోధన అవుతుంది. జి. కొండూరు తోటలలో రాత్రిపూట వచ్చిపోయేవారి పట్టికను అక్కడి విద్యార్థుల కంటె బాగా రాయగలవారు ఎవరు?

అర్థాలు

షటర్ = కెమెరాలోకి కాంతిని క్షణకాలం వదలే తలుపు
పుంజం = కిరణాల సముదాయం
నిరోధం = విద్యుత్ ప్రవాహానికి కలిగే అడ్డు
పరారుణ కిరణాలు = కంటికి కనిపించని, ఎరుపు రంగుకు ఆవలి కిరణాలు
లబ్ధం = హెచ్చింపగా వచ్చిన ఫలితం
అలికిడి = మెల్లని చప్పుడు
ఆతురత = తొందరపాటు
పరాగసంపర్కం = పుప్పొడి ఒక పూవు నుండి మరొక పూవుకు చేరడం

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. కెమెరాను తాకకుండా చిత్రం తీసే పరికరం పనిచేసే తీరును వివరించండి.
2. కలివికోడి పరిరక్షణలో ఆధారాల పాత్రను పాఠం ఆధారంగా చర్చించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. పరికరానికి, కెమెరాకు మధ్య ఆప్టోకప్లర్ ఎందుకు అవసరం?
2. పులుల లెక్కింపులో దారికి రెండు వైపులా కెమెరాలు ఎందుకు ఉంచుతారు?
3. “అక్కడా తీగే, ఇక్కడా తీగే” అనడంలో రచయిత ఉద్దేశమేమి?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. కెమెరాలోని ‘బల్బ్’ అనే అమరికకు ఆ పేరు ఎట్లా వచ్చింది?
2. కలివికోడిని తిరిగి ఏ సంవత్సరంలో కనుగొన్నారు?
3. రెసిస్టరు రెండు లక్షల ఓంలు, కెపాసిటరు 10 మైక్రోఫారడ్లు అయితే టైమర్ ఎంతసేపు పనిచేస్తుంది?

ఈ) ప్రాజెక్టు పని
మీ ఊరి తోటలో గాని, పొలంలో గాని రాత్రిపూట వచ్చే జీవుల గురించి పెద్దలను అడిగి ఒక పట్టిక తయారు చేయండి. వారు చెప్పిన వాటిలో ఏవి కళ్లారా చూచినవో, ఏవి ఊహించినవో వేరుగా గుర్తించండి.